మామగారి తుపాకీ, మోటారు షెడ్డులో తూటాలు

కోనసీమ నుంచి ఒక గృహిణి ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టవద్దన్నారు. వైనతేయ పాయ దగ్గరి పల్లె అని మాత్రం చెబుతాను. ఉత్తరాన్ని కుదించి ఇస్తున్నాను.

ఆవిడకు నలభై రెండేళ్లు. కాస్త కొబ్బరితోట, ఐదెకరాల చేపల చెరువు ఉన్నాయి. పద్నాలుగు నెలల కిందట మామగారు పోయారు. ఆయన పేరున లైసెన్సు ఉన్న పన్నెండు బోరు జోడుగొట్టాల తుపాకీ ఒకటి ఆ ఇంట్లో ఉంది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఆయన దాన్ని స్టేషన్లో అప్పగించి, రసీదు భద్రంగా జేబులో పెట్టుకుని వచ్చేవారట. ఆయన పోయాక లైసెన్సు ఊసు ఎవరూ ఎత్తలేదు. తుపాకీ మేడ మీద బీరువాలో ఉంది, తాళంచెవి ఈవిడ దగ్గరే. మొదట దసరాకు బయటికి తీసి పూజలో పెట్టారు. ఆ తర్వాత చెరువు మీద నీటికాకులు వాలుతున్నాయని భర్త తెల్లవారుజామున గట్టు మీదికి తీసుకెళ్లడం మొదలుపెట్టారు. పాత తూటాలు అయిపోయాయి. లైసెన్సు లేనిదే దుకాణంలో కొత్తవి ఇవ్వరు. అప్పుడు చుట్టం ఒకాయన ఖాళీ తూటాలు మళ్లీ నింపే చేతి యంత్రం, ఓ పచ్చడి సీసా నిండా తుపాకీమందు, దానికి నిప్పంటించే క్యాపులు తెచ్చి ఇచ్చాడు. ఇప్పుడు భర్త రాత్రిళ్లు మోటారు షెడ్డులో కూర్చుని, ఫోన్లో వీడియో చూస్తూ తూటాలు నింపుతున్నారు. మొన్నొకటి పేలిస్తే ‘తుస్సు’మందట. ఆయన నవ్వేసి వెంటనే రెండో ట్రిగ్గర్ నొక్కారట.

పదో తరగతి చదివే అమ్మాయికి షూటింగ్ అంటే పిచ్చి, గోడ మీద మను భాకర్ ఫొటో అంటించుకుంది. ‘సంక్రాంతి సెలవుల్లో తాతయ్య తుపాకీతో నేనే నేర్పిస్తా’ అని తండ్రి మాట ఇచ్చారు. అత్తగారు మాత్రం ‘ఆయన చేతి వస్తువు గడప దాటిందంటే నేనూ దాటినట్టే’ అంటున్నారు. ‘పోలీసులకు చెబితే మా ఆయన్ని తీసుకుపోతారు. చెప్పకపోతే ఏదో ఒక రోజు ఏం వినాల్సి వస్తుందోనని రాత్రి నిద్ర పట్టదు. ఈ నేరం నాకూ అంటుకుంటుందా? నన్నేం చెయ్యమంటారు?’ అని అడుగుతున్నారు.

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదువుతుంటే ఆ ‘తుస్సు’ దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. ముందు దాని గురించే చెబుతాను. మిగతావి నెమ్మదిగా మాట్లాడుకోవచ్చు, ఇది మాత్రం ఈ రోజే మీ వారికి తెలియాలి.

తూటాలో మందు తక్కువ పడినా, చెమ్మగిల్లినా పేలుడుకు బలం చాలదు. సీసం గుండ్ల వెనక ఉండే బిరడా బయటికి రాకుండా గొట్టంలోనే ఇరుక్కుపోతుంది. బయటికి వినిపించేది మీరు రాసిన ఆ చప్పుడే. ఆ గొట్టంలో ఇంకో తూటా పెట్టి పేలిస్తే దారి మూసుకుపోయి ఉంటుంది కాబట్టి గొట్టమే చీలిపోతుంది. చీలేది సాధారణంగా ఎడమ చెయ్యి పట్టుకునే చోటుకు దగ్గర్లోనే. మీ వారు వెంటనే నొక్కింది రెండో ట్రిగ్గర్, అది పేల్చేది రెండో గొట్టాన్ని. ఆ రోజు ఆయన వేళ్లు మిగలడానికి కారణం అదొక్కటే. ఆ తర్వాత తుపాకీ మడిచి, మొదటి గొట్టంలోంచి అవతలి వెలుతురు కనిపిస్తోందో లేదో చూశారా? మీ ఉత్తరంలో ఆ మాట లేదు. నాకు దిగులు అక్కడే. ఆ తుపాకీని ఇక ఎవరూ పేల్చకూడదు.

ఇంకో రకం ప్రమాదమూ ఉంది. చెమ్మ పట్టిన క్యాపు ఒక్కోసారి వెంటనే పేలదు, కొన్ని క్షణాలు ఆగి పేలుతుంది. అలవాటున్న షూటర్లు ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే గొట్టాన్ని సురక్షితమైన దిక్కుకే పట్టి ఉంచి, అర నిమిషానికి పైనే ఆగి, అప్పుడు విప్పుతారు. ఏడాదిలో సగం రోజులు గోడలు చెమర్చే మన ఊళ్లలో, సీసాలో పోసి షెడ్డులో పెట్టిన మందు పొడిగా ఉంటుందని ఎవరు హామీ ఇస్తారు?

మీ వారు చూసే వీడియోలు అమెరికావో మరో దేశానివో అయి ఉంటాయి. అక్కడ చాలామందికి ఇది ఇంట్లో చేసుకునే పని. కానీ వాళ్ల బల్ల మీద ఉండే డబ్బాకు పేరుంటుంది. ఏ మందు, ఏ తూటాకు, ఎంత బరువు గుండ్లకు ఎన్ని గ్రెయిన్లు వెయ్యాలో తయారీదారు అచ్చువేసిన పట్టిక ఉంటుంది. గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు. ఆ లెక్కలో తూచేది చెంచాతో కాదు, సున్నితమైన త్రాసుతో. మీ ఇంట్లో ఉన్నది పేరు లేని సీసా. అది పాతకాలపు నల్ల తుపాకీమందా, పొగరాని మందా, బాణసంచా మందా, ఇచ్చిన చుట్టానికైనా తెలుసా? నల్ల తుపాకీమందుకు సరిపడే కొలతలో పొగరాని మందు పోస్తే ఒత్తిడి ఎన్నో రెట్లు పెరుగుతుంది. పైగా మామగారి తుపాకీ ఏ కాలం నాటిదో చూడాలి. చాలా పాత తుపాకుల్లో తూటా కూర్చునే గది పొడవు 65 మిల్లీమీటర్లు. ఇప్పటి తూటాలు ఎక్కువగా 70వి. పేలకముందు మూతి ముడిచి ఉంటుంది కాబట్టి అది చక్కగా పట్టేస్తుంది. పేలాక ఆ మూతి విచ్చుకోవడానికి చోటు చాలదు. పాత ఉక్కు ఆ ఒత్తిడికి ఎన్నాళ్లు ఆగుతుంది?

ఇక ఆ షెడ్డు. మోటారు వేసినప్పుడు స్టార్టర్లో నిప్పురవ్వ రావడం మీరూ చూసే ఉంటారు. దోమల చక్రం వెలుగుతూ ఉంటుంది, ఎవరో ఒకరు బీడీతో లోపలికి వస్తారు. 2025 అక్టోబరులో, అప్పటికి మీ జిల్లాలోనే ఉన్న రాయవరం మండలంలో బాణసంచా తయారీ కేంద్రం పేలి ప్రాణాలు పోయాయి. అది లైసెన్సుతో నడిచే చోటు, రోజూ అదే పని చేసేవాళ్లు. ఈ మాట మిమ్మల్ని భయపెట్టడానికి రాయడం లేదు. మీకు నిద్ర పట్టకపోవడంలో తప్పేమీ లేదని చెప్పడానికి రాస్తున్నాను.

ఇప్పుడు చిక్కుముడి సంగతి. మీ ఇంట్లో అందరూ ‘తుపాకీ’ అనే ఒక్క మాటే వాడుతున్నారు గానీ, ఒక్కొక్కరు ఒక్కో సంగతి మాట్లాడుతున్నారు. అత్తగారికి అది పోయిన భర్త. అమ్మాయికి అది రాబోయే పతకం. మీ వారికి తండ్రి జ్ఞాపకం, చెరువు నష్టం, చేత్తో ఒక పని నేర్చుకుంటున్న సంతోషం, మూడూ కలిసిపోయాయి. వీటిని విడదీసి చూస్తే ఒక్కోదానికి ఒక్కో దారి దొరుకుతుంది. కలిపి ‘తుపాకీ ఉండాలా, పోవాలా’ అని అడిగితే ఇంట్లో గొడవే మిగులుతుంది.

చట్టం సంగతి దాచకుండా చెబుతాను. లైసెన్సు మామగారితోనే ముగిసింది, అది కొడుక్కి దానంతట అదే రాదు. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 21 ప్రకారం, అలా లైసెన్సు లేకుండా మిగిలిన తుపాకీని అనవసర ఆలస్యం చేయకుండా స్టేషన్లో గానీ లైసెన్సున్న డీలరు దగ్గర గానీ అప్పగించాలి. లైసెన్సు లేకుండా ఉంచుకుంటే రెండు నుంచి ఐదేళ్ల జైలు, జరిమానా. 2019 సవరణతో శిక్ష ఇలా పెరిగింది. తూటాల తయారీ ఇంతకంటే చాలా పెద్ద నేరం, దానికి ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా ఉంది. ‘కొత్తవి చెయ్యడం లేదు, ఖాళీవే నింపుతున్నా’ అని మీ వారు అనవచ్చు. ఆ వాదన మీద బరువు పెట్టవద్దు. ఆ చట్టం ‘మందుగుండు’ అనే మాటలోనే తూటాలో వాడే మందును, తూటా భాగాలను, చివరికి తూటాలు తయారుచేసే యంత్రాన్ని కూడా కలిపేసింది. అంటే షెడ్డులో ఉన్న ఆ చిన్న చేతి యంత్రం కూడా చట్టం లెక్కలో మందుగుండే.

‘నాకూ అంటుకుంటుందా’ అని అడిగారు. ఆ ఇంట్లో కాపురం ఉన్నంత మాత్రాన ఎవరూ దోషి కారు. వస్తువు ఉందని తెలిసి ఉండటం, అది తన అధీనంలో ఉండటం, కోర్టులు ఈ రెండూ చూస్తాయి. బీరువా తాళం మీ దగ్గర ఉందని మీరే రాశారు కాబట్టి, ఈ ప్రశ్నకు జవాబు నా దగ్గర కంటే క్రిమినల్ కేసులు చూసే న్యాయవాది నోట వినండి. ఖర్చు గురించి వెనకాడకండి. న్యాయ సేవల చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కు ఫోన్ చేస్తే దారి చెబుతారు. జరిగిపోయిన వాటి గురించి న్యాయవాదికి చెప్పుకున్నది రహస్యంగానే ఉంటుంది.

ఇక మీ ముందున్న దారులు.

ఏమీ చేయకుండా ఊరుకోవడం ఒకటి. చాలా ఇళ్లలో జరిగేది ఇదే, అందుకే దాని గురించి నాలుగు మాటలు. మామగారు ప్రతి ఎన్నికలకూ అప్పగించారంటే స్టేషన్ పుస్తకంలో ఆ తుపాకీ ఉంది. మళ్లీ ఎన్నికల కోడ్ వచ్చిన రోజున ఎవరో ఒకరు గుమ్మంలోకి వచ్చి ‘పెద్దాయన తుపాకీ ఏదండీ’ అని అడుగుతారు. ఆ రోజు మీ వారు జవాబు చెప్పుకోవాల్సిన వ్యక్తి అవుతారు. మీ అంతట మీరే ముందుగా వెళ్తే విషయం సరిచేసుకోవడానికి వచ్చిన వ్యక్తిగా కనిపిస్తారు. రెంటికీ చాలా తేడా ఉంది.

రెండోది, తుపాకీని అప్పగించి వారసుడిగా లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవడం. 2016 ఆయుధాల నియమాల్లో వారసుల కోసం ప్రత్యేకంగా నియమం ఉంది. మరణ ధ్రువపత్రం, పాత లైసెన్సు పుస్తకం, మిగతా వారసులకు అభ్యంతరం లేదన్న పత్రాలు కావాలి. అంటే అత్తగారి సంతకం, ఆడపడుచుల సంతకాలు. పోలీసు విచారణ, వైద్య ధ్రువపత్రం, భద్రతా శిక్షణ కూడా ఉంటాయి. పాత లైసెన్సు తూర్పు గోదావరి ఉమ్మడి జిల్లాగా ఉన్నప్పటిది కదా, ఫైలు కాకినాడలో ఉందో, 2022లో కొత్త జిల్లా ఏర్పడ్డాక అమలాపురం వచ్చిందో ముందే కనుక్కుంటే నాలుగు తిరుగుళ్లు తప్పుతాయి. నెలలు పడుతుంది, చివరికి కాదనవచ్చు కూడా. కాదంటే అప్పీలు ఉంది. పద్నాలుగు నెలల ఆలస్యం గురించి తప్పకుండా అడుగుతారు. అందుకే న్యాయవాది రాసిచ్చిన అర్జీతో వెళ్లమంటున్నాను. లైసెన్సు లేకుండా ఉంచుకున్నందుకు కేసు నడపాలంటే జిల్లా మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి కావాలన్న రక్షణ చట్టంలో ఉంది. తయారీ నేరానికి ఆ రక్షణ లేదు.

మూడోది, లైసెన్సు ప్రయత్నం మానేసి, అప్పగించిన తుపాకీని డీలరు ద్వారా అమ్మెయ్యడం. ఇంట్లో అందరికంటే తేలికగా ఊపిరి పీల్చుకునేది మీరు, అందరికంటే కష్టపడేది అత్తగారు. ఆవిడకు చెప్పకుండా మాత్రం ఈ పని చేయకండి. మగడు పోయిన ఏడాదికే ఆయన చేతి వస్తువు ఆవిడ చూడకుండా వెళ్లిపోతే ఆ గాయం ఈ ఇంట్లో మానదు. ఏ దారైనా తుపాకీ ముందు ఒకసారి గడప దాటాల్సిందే. ‘అమ్మేస్తున్నాం’ అనడం వేరు, ‘మామయ్యగారు ఎన్నికలప్పుడు అప్పగించినట్టే అప్పగిస్తున్నాం’ అనడం వేరు. రెండోది నిజం, పైగా ఆవిడ ముప్పై నలభై ఏళ్లుగా చూసిన దృశ్యం.

నింపిన తూటాలు, మిగిలిన మందు, యంత్రం. అన్నిటికంటే ముళ్లదారి ఇదే. కాలవలో పారెయ్యకండి, గోతిలో పూడ్చకండి, తగలబెట్టకండి, విప్పి చూడకండి. పిల్లలు ఏరుకున్నా, వలలో పడినా మీ మనసు జన్మంతా ఊరుకోదు. పోలీసుల దగ్గరికి వెళ్లకముందే న్యాయవాదితో మాట్లాడాల్సిన విషయం కూడా ఇదే. వాటిని ఎవరికి, ఏ మాటతో, ఎలా అప్పగించాలో ఆయన చెప్పనివ్వండి. అది తేలేదాకా షెడ్డులోకి ఎవరూ వెళ్లకుండా తాళం వేసి, వీలైతే ఆ మోటారుకు కరెంటు ఆపించండి.

‘భర్త వినకపోతే?’ అని మీరు అడగలేదు గానీ, ఉత్తరం నిండా ఆ ప్రశ్నే ఉంది. రేపు కూడా ఆయన నింపుతూనే ఉంటే, అమ్మాయి చేతికి ఆ తుపాకీ ఇస్తానంటే, అప్పుడు మీరు స్టేషన్‌కు వెళ్లడం ద్రోహం కాదమ్మా. ఆయన మీద కేసు అవుతుందన్నది నిజమే, నేను తక్కువ చేసి చెప్పను. కానీ అంతదాకా రాకుండా ఇంకో మాట ఉంది.

మీ ఉత్తరం నాలుగో పేజీలో ఒక సంగతి రాసి, దాన్ని మీరే దాటేసి వెళ్లిపోయారు. మామగారు తూటాలను ఎప్పుడూ తుపాకీ ఉన్న గదిలో పెట్టేవారు కాదని, కొన్నది ఎన్ని, కాల్చింది ఎన్ని అని ఒక నోటుబుక్కులో తారీకు వేసి రాసుకునేవారని, ఊళ్లో ఎవరో నింపిన తూటాలు చవగ్గా ఇస్తానంటే వద్దని పంపేశారని. అమ్మా, మీ వారిని మార్చగలిగే మనిషి నేను కాదు, బహుశా మీరూ కాదు. ఆ నోటుబుక్కు ఆయన ముందు పెట్టండి. వాదించకుండా, పక్కన మీరు కూర్చుని. తండ్రి గుర్తుగా తుపాకీ పట్టుకున్న కొడుక్కి, తండ్రి ఏది ముట్టుకోలేదో కూడా తెలియాలి.

నీటికాకుల బాధ నాకు తెలియనిది కాదు. చేపపిల్ల వేసిన మొదటి వారాల్లో గుంపు వాలితే రైతు గుండె ఎలా ఉంటుందో చూశాను. నా చిన్నప్పుడు మా మేనమామ చలికాలంలో ఉల్లంకి పిట్టల్ని సైకిలు హ్యాండిలుకు గుత్తిగా కట్టుకుని వస్తే, పిల్లలం సంబరంగా ఎదురెళ్లేవాళ్లం. ఆ రోజులు వేరు. 1972 వన్యప్రాణి చట్టం కింద నీటికాకిని, కొంగను కాల్చడం ఇప్పుడు నేరం. లైసెన్సు చేతిలో ఉన్నా నేరమే. పైగా పేల్చిన ప్రతి తూటాలోంచి దాదాపు ముప్పై గ్రాముల సీసం మీ చెరువులోకే పోతుంది. పక్షులు తిండి నలగడానికి ఇసుకరాళ్లు మింగినట్టే ఆ గుండ్లనూ మింగి, సీసం విషంతో రోజుల తరబడి చస్తాయి. చేపల కోసం ఇంకో ఉపాయం ఉంది. కొల్లేరు వైపు రైతులు చేసినట్టు చిన్న పిల్ల బదులు, ఎదుగుదలను కొంతకాలం ఆపి ఉంచిన ‘జీరో సైజు’ అనే పెద్ద పిల్ల వెయ్యండి. నూరు, నూటయాభై గ్రాముల శీలావతి చేపను చిన్న నీటికాకి మింగలేదు. నర్సరీ చెరువు మీద మాత్రం వల గానీ, అడ్డంగా తీగలు గానీ కట్టాలి. వాటి ఖర్చు తూటాల ఖర్చు కంటే ఎక్కువే. కోర్టు ఖర్చు కంటే తక్కువ.

చివరికి అమ్మాయి. ఈ మొత్తం ఉత్తరంలో నాకు సంతోషం కలిగించింది ఆ పిల్ల. తాతగారి తుపాకీతో ఆమె కోరుకునేది రాదు. రైఫిల్ గొట్టం లోపల మెలి తిరిగిన గాడులుంటాయి, అవి గుండును బొంగరంలా తిప్పి ఒకే చోటికి పంపుతాయి. పన్నెండు బోరు గొట్టం లోపల నున్నగా ఉంటుంది, గుండ్లను చల్లుతుంది. ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ లక్ష్యంలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. అక్కడ కావాల్సింది నిలకడ, ఊపిరి మీద అదుపు, ఓర్పు. 2012 లండన్లో మన హైదరాబాద్ కుర్రాడు గగన్ నారంగ్ కాంస్యం తెచ్చింది అందులోనే. మను భాకర్ 2024 పారిస్‌లో రెండు కాంస్యాలు గెలిచింది ఎయిర్ పిస్టల్‌తో. ఆ పోటీల్లో వాడే 0.177 అంగుళాల గొట్టమున్న ఎయిర్ రైఫిల్, శక్తి ఇరవై జౌళ్ల లోపు ఉంటే, దానికి ఆయుధ లైసెన్సు అక్కర్లేదు. అలాగని దాన్నీ పిట్టల మీదికి ఎత్తకూడదు. ఊళ్లో షూటింగ్ రేంజ్ లేకపోయినా స్కూల్లో గానీ ఇంటర్ కాలేజీలో గానీ ఎన్.సి.సి. ఉంటే చేర్పించండి. క్యాంపుల్లో .22 రైఫిల్‌తో కాల్పులు నేర్పిస్తారు. అక్కడ మొదట నేర్పేది గొట్టం ఎటు తిరిగి ఉండాలన్నదే.

ఆ రేంజ్‌కు, ఆ క్యాంపుకు అమ్మాయిని తీసుకెళ్లే పని మీ వారికి అప్పగించండి. గుండ్ల బరువు, గురి, యంత్రం సరిచేయడం అంటే ఆయనకు నిజంగా ఆసక్తి ఉంది. షెడ్డులో చీకట్లో దాక్కుని చేస్తున్న పనిలో ఆయన వెతుక్కుంటున్నది అక్కడ పగలే దొరుకుతుంది. ‘సంక్రాంతికి నేర్పిస్తా’ అని కూతురికి ఇచ్చిన మాట కూడా తప్పినట్టు కాదు.

న్యాయవాదిని కలిశాక, ఆయన ఏమన్నారో వీలైతే నాకు మళ్లీ రాయండి. షెడ్డుకు తాళం మాత్రం ఈ రాత్రే వెయ్యండి.